నామాల ట్యాంకు, నాలుగు ముళ్ళు

మా డాబా మీది నీళ్ల ట్యాంకు పోయిన కార్తీకమాసం నుంచి ఉత్తర తీర సముద్ర రక్షణ ఏర్పాట్లలో భాగమైనదని యావన్మంది ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇది వెయ్యి లీటర్ల ట్యాంకు. మూత కొంచెం వదులు. లోపలి బంతి అప్పుడప్పుడు ఇరుక్కుంటుంది; మూత తీసి చీపురుకర్రతో ఒక్క పోటు పొడిస్తే మళ్ళీ నీళ్ళెక్కుతాయి. ఇకమీదట దీనిని కదిలించాలన్నా, కడగాలన్నా, దీనిమీద కాకి వాలాలన్నా రెండు జిల్లాల సమ్మతి కావాలి. కాకుల విషయం ఇంకా పరిశీలనలో ఉంది.

మా ఊరు గెడ్డమొగ. ఊరి పక్కనుంచి గెడ్డ పారి సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటునే మొగ అంటాం. గెడ్డకు ఈ ఒడ్డు శ్రీకాకుళం జిల్లా, ఆ ఒడ్డు విజయనగరం జిల్లా. సముద్రానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నా పేరు కూర్మనాథం. హైస్కూల్లో గుమాస్తాగా పనిచేసి విరమించాను. మా వంశంలో గుడి సేవ ఉంది కనుక ఊళ్ళో అందరూ పంతులుగారూ అని పిలుస్తారు.

సముద్రం ఒడ్డున బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడడం మామూలు. తియ్యటి నీళ్ళు పడితే ట్యాంకుకు నామాలు పెట్టిస్తానని శ్రీకూర్మంలో స్వామికి మొక్కుకున్నాను. పడ్డాయి. నల్లటి ట్యాంకు మీద, సముద్రం వైపు, ఛాతీ ఎత్తున రెండు తెల్ల నామాలు, నడుమ ఎర్రటి గీత వేయించాను. మా ఆవిడ చూడామణి చూసి, "స్వామికి బాగానే ఉంది. ఇక చెంబుడు నీళ్ళు పట్టాలన్నా చెప్పులు విప్పాలేటి?" అంది.

భక్తి నాదే గానీ, దాని ఉపయోగం కనిపెట్టినవారు పడవలవాళ్ళు. మా మొగలో అటూ ఇటూ ఇసుక మేటలు. నడుమ నీటిదారి ఒక్కటే, సన్నగా ఉంటుంది. సముద్రం మీంచి చూస్తే మా వీధి చివర జంట తాళ్ళు కనిపిస్తాయి. సరిగ్గా ఆ రెండు తాడిచెట్ల నడుమకు మా ట్యాంకు నామాలు వచ్చినప్పుడు పడవ ముక్కు తిప్పితే సుఖంగా లోపలికి వచ్చేస్తుంది. రెండు బారలు అటో ఇటో అయితే మేట మీద కెరటం పడవను బోర్లిస్తుంది. ఈ సంగతి నాకు చెప్పింది అసిరమ్మ. ఆవిడ భర్త నూకయ్య, తమ్ముడు ఎల్లాజీ ఒకే పడవ మీద వేటకు వెళతారు. మా ఇంట చేప వండం గనుక ఆవిడ మా గుమ్మంలోకి గంపతో రాదు. బిందెతో వస్తుంది, మంచినీళ్ళకు.

"పంతులుగారూ, ఆ ట్యాంకుని ఇటూ అటూ జరపకండి బాబూ. మా ఓలు దాన్ని సూసే ఇంటికొస్తన్నారు."

"నేను భక్తితో పెట్టించానమ్మా అది," అన్నాను.

"మేమూ బత్తితోనే సూస్తన్నాం. కెరటం నెత్తిమీద కొచ్చినపుడు సూడండి, ఎంత బత్తి పుడతాదో!"

ఇలా ఉండగా, ప్రజల అదృష్టం కొద్దీ, ఉత్తర తీర సముద్ర ఆపద సమన్వయ ఉపసంఘం ఏర్పడింది. సముద్రంలో ఎవరికైనా ఆపద వస్తే ఎవరు వెళ్ళాలి అన్న చిరకాల ప్రశ్నకు, అందరూ వెళ్ళాలి అని ఒక్క సమావేశంలోనే తేల్చేసిన మహానుభావుల సంస్థ అది. ముందు ఎవరు వెళ్ళాలన్నది రెండో సమావేశానికి, ఎందులో వెళ్ళాలన్నది తొమ్మిదో సమావేశానికి వాయిదా పడ్డాయి. సముద్రపు హోరు చర్చలకు అడ్డురాకుండా సమావేశాలన్నీ బొబ్బిలిలో జరిపేవారు. వచ్చిన ప్రతి సభ్యునికీ ఒక బుల్లి వీణ జ్ఞాపికగా ఇచ్చేవారు. ఈనాడు మన తీరంలో ఏ సభ్యుని బల్ల మీద చూసినా ఒక వీణ ఉంటుంది. పడవ మాత్రం ఉండదు.

ఉపసంఘం ఆపద అంటే ఏమిటో కూడా నిర్వచించింది. "కార్యాలయ వేళల్లో సంభవించి, లిఖితపూర్వకంగా తెలియజేయబడినది ఆపద." మునుగుతున్నవారి సౌకర్యార్థం ముందు ఫోనులో చెప్పి, మూడు రోజుల్లోగా కాగితం సమర్పించుకునే వెసులుబాటు ఇచ్చారు. పడవ ఎక్కడ ఉందో చూపించే యంత్రాలు నూట ఇరవై తెప్పించారు. పంపిణీకి పెద్దల తేదీ కుదరనందున అవి బీరువాలో ఉన్నాయి. యంత్రాలు మంచివే. ఎక్కడ ఉన్నదీ గంట గంటకూ తప్పు లేకుండా చూపిస్తున్నాయి: బీరువాలో.

కార్తీకమాసం, గురువారం. నేను తులసికోట దగ్గర దీపం పెట్టి లేచేసరికి ఉదయం ఏడున్నర. అదే సమయానికి సముద్రం మీద నూకయ్య పడవ ఇంజను ఆగిపోయింది. నూకయ్య చట్టం తెలిసిన పౌరుడు గనుక ఉపసంఘం వారి ఆపద నంబరుకు ఫోను చేశాడు. అవతల విశాలి అనే అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఆ సంభాషణ ఆ తరువాత మా డాబా మీదే గట్టిగా చదివి వినిపించారు కనుక నాకు తెలిసింది.

"మీరు ఎక్కడ ఉన్నారండీ?"

"సముద్రంలో ఉన్నానమ్మా."

"చిరునామా చెప్పండి."

"సిరునామా ఏటి తల్లీ? గెడ్డమొగ, పంతులుగారి నామాల ట్యాంకు. జంట తాళ్ళకి ఉత్తరంగా అగుపిస్తన్నాది."

"దగ్గరలో ఏదైనా గుర్తు?"

"అదేనమ్మా గుర్తు!"

"పిన్‌కోడ్?"

ఇక్కడ ఎల్లాజీ ఫోను లాక్కుని ఏదో అన్నాడు. దానిని రికార్డులో, "ఫిర్యాదుదారు సముద్రభాషలో మాట్లాడెను" అని రాసుకున్నారు. గెడ్డమొగలో ఎవరైనా నూకయ్య చెప్పిన ఆ గుర్తు వింటే పడవ ఏ చోట ఉందో గజం తేడా లేకుండా చెప్పగలరు. ఉపసంఘం వారు కూడా చెప్పగలిగారు. సంఘటనా స్థలం: కూర్మనాథం గారి ట్యాంకు.

ఎనిమిదిన్నరకల్లా మా వీధిలో పదకొండు జీపులు ఆగాయి. నారింజరంగు రక్షణ చొక్కాలు తొడుక్కున్న నలభై మంది కమ్మీ గట్టిగా పట్టుకుని, ఒకరికొకరు చెయ్యి అందించుకుంటూ మా మెట్లెక్కారు. అందులో చురుకైనవాడొకడు పైకి చేరగానే, మునిగేవారి కోసం తెచ్చిన గాలి చక్రాన్ని విసిరాడు. అది చూడామణి ఆరబోసుకున్న మినుముల మధ్య పడింది. మినుములన్నీ క్షేమంగా ఉన్నాయి.

శ్రీకాకుళం వైపు కన్వీనరు ధర్మేంద్ర గారు పిట్టగోడకు ఆనుకుని ప్రసంగించారు. "సోదరులారా! ఆపద తెలిసిన గంట లోపల రెండు జిల్లాల యంత్రాంగం సంఘటనా స్థలానికి చేరుకోవడం చరిత్రలో ఇదే మొదటిసారి."

నాకు చిన్న సందేహం వచ్చింది. "సంఘటన సముద్రంలో కదా బాబూ?"

"అది బాధితుడు ఉన్న చోటండీ. రికార్డు ప్రకారం స్థలం ఇదే," అన్నారు ఆయన ఓర్పుగా. బల్ల మీద వీణ ఉన్న మనిషి ఓర్పు అది.

ఈలోగా మా ఊరివాళ్ళు ఒడ్డున రెండు పడవలు తోసుకుని నూకయ్యకు ఎదురెళ్ళబోయారు. వారిని సకాలంలో ఆపారు. ఇసుకలో అడ్డంగా తాడు కట్టి, "సమన్వయం పూర్తయ్యే వరకు ఎవరూ రక్షించరాదు" అని బోర్డు పాతారు. చదువు రానివారి కోసం పక్కన ఒక కానిస్టేబులును నిలబెట్టారు.

ఆ తరువాత ఉపసంఘం అసలు పనిలోకి దిగింది. ఫ్లెక్సీ కట్టాలి. గౌరవ అధ్యక్షుల వారు స్వయంగా వస్తున్నారు. పది అడుగుల ఫ్లెక్సీ. నడుమ అధ్యక్షుల వారు నవ్వుతూ నమస్కరిస్తున్నారు, చుట్టూ ముప్పై ఒక్కమంది సభ్యులు బొట్టుబిళ్ళలంత ముఖాలతో ఉన్నారు, కింద "సముద్రంలో మీరు ఒంటరి కారు" అని ఉంది. మా డాబా మీద అంతకంటే ఎత్తైన చోటు లేదు కనుక దానిని ట్యాంకుకు చుట్టి, మూత మీదుగా బిగించి కట్టారు. అచ్చు ఖర్చు ఇరు జిల్లాల ఉమ్మడి గనుక ముళ్ళు కూడా ఉమ్మడి: కుడివైపు రెండు శ్రీకాకుళం, ఎడమవైపు రెండు విజయనగరం. ఎడమ ముళ్ళ బాధ్యత అటువైపు కన్వీనరు అనంతకృష్ణ గారిది. ముళ్ళు చూస్తే ముచ్చటేసింది. అంత శ్రద్ధగా కట్టారు.

తొమ్మిదిన్నర ప్రాంతంలో సముద్రం మీద ఎల్లాజీ ఇంజను గొట్టం నోటితో పీల్చి, ఉమ్మేసి, మళ్ళీ తిప్పాడు. ఇంజను దగ్గి దగ్గి లేచింది. అంటే, ఉపసంఘానికి తెలియకుండా ఆపద సగం తీరిపోయింది. కానీ గాలి తిరిగింది. మేటల మీద కెరటం తెల్లగా లేస్తోంది. మొగ ముందుకు వచ్చి నూకయ్య తలెత్తి చూశాడు.

అప్పుడు అసిరమ్మ మా మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చింది. చేతిలో ఫోను. అందులో నూకయ్య గొంతు అందరికీ వినిపిస్తోంది.

"ఒసే అసిరీ! ట్యాంకేదే? తాళ్ళున్నాయి, నామాలు నేవు! ట్యాంకున్న కాడ ఎవుడో పళ్ళు ఇకిలించుకోని దండాలెడతన్నాడే!"

డాబా మీద అందరూ అధ్యక్షుల వారి బొమ్మ వైపు తిరిగారు. ధర్మేంద్ర గారు తేరుకుని కాగితం మీద రాసుకున్నారు: "గౌరవ అధ్యక్షుల వారు నడిసముద్రం వరకు స్పష్టంగా కనిపించుచున్నట్లు క్షేత్రస్థాయి సమాచారం."

"బాబూ, ఆ గుడ్డ ఇప్పండి," అంది అసిరమ్మ. "మా మావ మేట కాడ తిరుగుతన్నాడు. దారి తెలీట్నేదు. ఇంజను మళ్ళీ ఆగిపోతే ఇంక మడిసి దక్కడు."

"అది గుడ్డ కాదమ్మా, ఫ్లెక్సీ. పెద్దల బొమ్మ ఉంది. వారు అరసవల్లిలో దర్శనం చేసుకుని బయలుదేరారు. వారు వచ్చి చూసుకున్నాక తప్పకుండా విప్పుతాం."

"మా వైపు ముళ్ళు విప్పడానికి మాకేమీ అభ్యంతరం లేదు," అన్నారు అనంతకృష్ణ గారు ఉదారంగా. "ముందు వారు విప్పాలి. మేం ముందు విప్పితే బొమ్మ మా వైపు నుంచి జారుతుంది. రేపు జవాబు చెప్పుకోవలసింది మేము."

"ఎడమ నుంచి మొదలుపెట్టడం పద్ధతి," అన్నారు ధర్మేంద్ర గారు.

"ఏ పద్ధతి?"

దీని మీద ఒక నోటు తయారుచేయడం మొదలైంది. నాకు మళ్ళీ సందేహం వచ్చింది. "ట్యాంకు నాదే కదా బాబూ. నేను విప్పనా?"

"ట్యాంకు మీదేనండీ," అన్నారిద్దరూ ఒకే గొంతుతో. "ముళ్ళు ఉపసంఘానివి."

అసిరమ్మ అందరినీ ఒకసారి కలియజూసింది. "ముళ్ళు మీయి. ట్యాంకు పంతులుగారిది. సముద్రం గంగమ్మది. ఇన్నిట్లో నాదంటూ ఉన్నోడు మా మావొక్కడే. ఆడినైనా నాకొదిలీయండి బాబూ!"

ఆమె ముళ్ళ మీదికి వెళ్ళబోతే ఇద్దరు నారింజ చొక్కాలవాళ్ళు అడ్డు నిలబడ్డారు. నేను కళ్ళు మూసుకుని కూర్మనాథ స్వామిని తలుచుకున్నాను. స్వామి నాకు కూడా రెండు చేతులిచ్చాడన్న సంగతి ఆ క్షణాన తోచలేదు.

అంతలో అధ్యక్షుల వారు వేంచేశారు. నుదుట అరసవల్లి కుంకుమ, మెడలో పూలదండ. పైకి వచ్చి ఫొటో దిగాలి. ఫొటోకు ముందు ముఖం కడుక్కోవడం వారి అలవాటట. నేరుగా మా స్నానాలగదిలోకి వెళ్ళారు. చూడామణి కొత్త సబ్బు ఇచ్చింది.

పొద్దుటి నుంచి నలభై మంది తాగారు, కడుక్కున్నారు, టీలు కాయించుకున్నారు, జీపుల అద్దాలు కూడా తుడిపించుకున్నారు. నీళ్ళు తియ్యగా ఉన్నాయని మెచ్చుకున్నారు కూడా. అధ్యక్షుల వారు ముఖమంతా సబ్బు రుద్దుకుని కుళాయి తిప్పారు. కుళాయి ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.

"ధర్మేంద్రా! కళ్ళు! కళ్ళు! నీళ్ళు!"

మేడ మెట్ల కింద నుంచి చూడామణి తాపీగా చెప్పింది. "మోటారేశాను. ఎక్కట్లేదు. బంతి ఇరుక్కున్నట్టుంది. ఆ గుడ్డ తీసి, మూత ఎత్తి ఒక పోటు పొడవాల."

అప్పుడు చూశాను నేను సమన్వయం అంటే ఏమిటో. నోటు లేదు, ఎడమ లేదు, కుడి లేదు. ధర్మేంద్ర గారు రెండు ముళ్ళు గోళ్ళతో పీకారు. అనంతకృష్ణ గారు ఒకటి చేత్తో, ఒకటి పంటితో తెంపారు. ముప్పై ఒక్కమంది సభ్యులతో సహా అధ్యక్షుల వారు జరజరమని మా డాబా మీదికి జారిపోయారు. ఇరవై అంకెలు లెక్కపెట్టే లోపల, కార్తీకపు ఎండలో, నల్లటి ట్యాంకు మీద తెల్లటి నామాలు తళుక్కుమన్నాయి.

"మావా! సూడు! అగుపించినాయా?"

"అగుపించినాయే! ఒలే, తాళ్ళ నడుమకొచ్చేసినాయి! ఎల్లాజీ, తిప్పురా, తిప్పు!"

డాబా మీంచి మాకు అంతా కనిపించింది. పడవ ఒక కెరటం నెత్తికెక్కి ఒక్క క్షణం ఆగింది. ఆ తరువాత రెండు మేటల నడుమ నుంచి, చెప్పినట్టు వినే దూడలా, గెడ్డలోకి వచ్చేసింది. ఒడ్డున ఊరంతా కేకలు వేసింది. అసిరమ్మ ఫోను రొమ్ముకు అదుముకుని మినుముల పక్కనే కూలబడింది. అదే సమయాన నేను పొడిచిన పోటుకు నీళ్ళెక్కి, కింద అధ్యక్షుల వారు కూడా రక్షింపబడ్డారు.

అనంతరం నూకయ్యకు, ఎల్లాజీకి ఎండలో రక్షణ చొక్కాలు తొడిగి శాలువాలు కప్పారు. అసలు ఘట్టం జరిగేటప్పుడు ఫొటోగ్రాఫరు మెట్ల కింద తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నందున, పడవను ఒక్కసారి మళ్ళీ మేట దాకా తీసుకెళ్ళి తిరిగి రావలసిందిగా కోరారు.

"తమరే ఎల్లండి బాబూ," అంది అసిరమ్మ. "సిరునామా తెలుసు కదా."

ఉపసంఘం నివేదికలో, సకాల సమన్వయం వల్ల మొత్తం ముగ్గురు రక్షింపబడ్డారని ఉంది. మా ట్యాంకును రక్షణ స్థావరంగా గుర్తిస్తూ ఉత్తరువు వచ్చింది. నెలకోసారి నీటి మట్టం రెండు జిల్లాలకూ విడివిడిగా తెలపాలి. రెండు మట్టాలూ ఒకటే ఉండనవసరం లేదని ధర్మేంద్ర గారు దయతో చెప్పారు. పడిపోయిన ఫ్లెక్సీని అసిరమ్మ తీసుకెళ్ళి వలల మీద కప్పింది, నవ్వు లోపలికి ఉండేట్టుగా. ఎంత వాన పడినా ఒక్క చుక్క దిగదు. ఉపసంఘం వల్ల ఒరిగిందేమీ లేదనేవారు వచ్చి చూసుకోవచ్చు.

ఇక్కడితో ఆపితే నాకు గౌరవంగా ఉండేది. కానీ దీపం ముందు కూర్చుని రాస్తున్నాను గనుక మిగిలినదీ చెప్పాలి.

పదిరోజుల తరువాత నూకయ్య, ఎల్లాజీ, ఊరివాళ్ళు కలిసి కృతజ్ఞతగా నాకొక ఫ్లెక్సీ వేయించారు. "సముద్ర రక్షక శ్రీ కూర్మనాథం పంతులుగారికి జేజేలు." పంచె, కండువా, నమస్కారం. పదేళ్ళు చిన్నగా వచ్చాను. కుర్రాళ్ళు దానిని ఊరంతటికీ కనిపించే చోట కట్టారు. మా డాబా మీద అలాంటి చోటు ఒక్కటే ఉందని ఇంతకుముందే మనవి చేశాను.

మర్నాడు ఉదయం ఏడింటికి అసిరమ్మ బిందె లేకుండా వచ్చింది.

"పంతులుగారూ, పడవలు ఎల్లిపోనాయి. తొమ్మిదికి తిరిగొస్తాయి. ఆ గుడ్డ ఇప్పేయండి."

"విప్పుదాం అసిరమ్మా. తొందరేముంది? ఊరు ప్రేమతో కట్టింది. ముళ్ళు ఊరివి. సాయంత్రం నలుగురినీ పిలిచి, ఒక మాట అనుకుని..."

అసిరమ్మ నావైపు చూసింది. తరువాత వంటింటి గుమ్మంలో ఉన్న చూడామణి వైపు చూసింది. చూడామణి తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"తానం అయ్యిందేటి పంతులుగారూ?"

"ఇంకా లేదమ్మా."

"కానీయండి మరి."

వెళ్ళాను. ఫొటోలో కండువా మడత ఎంత బాగా వచ్చిందో అనుకుంటూ ముఖమంతా సబ్బు రుద్దుకున్నాను. కుళాయి తిప్పాను. అది ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.

కళ్ళు భగభగ మండిపోతున్నాయి. తలుపు అవతల, నీళ్ళగొట్టం వాల్వు దగ్గర, గాజుల చప్పుడైంది.

"ఏవండీ," అంది చూడామణి, "ముళ్ళెవరివి?"

"నావే! నావే! విప్పేయండి!" అని అరిచాను.

మెట్ల మీద అడుగుల చప్పుడు అసలు వినపడలేదు. అంటే అసిరమ్మ అప్పటికే కత్తి పట్టుకుని పైన ఉందన్నమాట. ఈ సమన్వయానికి సమావేశం జరగలేదు, జ్ఞాపికలు ఇవ్వలేదు, ఎవరూ బొబ్బిలి వెళ్ళలేదు. తొమ్మిదింటికి పడవలన్నీ వచ్చేశాయి. మీలో కూడా ఎవరి బొమ్మ అయినా ఎవరి దారికైనా అడ్డంగా కట్టి ఉంటే, స్నానానికి వెళ్ళేముందు ఒక బకెట్టు నీళ్ళు పక్కన పట్టి ఉంచుకోవలసిందిగా నా మనవి.